గంప ఎత్తే వేళ

పెరటి కోళ్ల పెంపకంలో వచ్చే నష్టాన్ని కాలానికో, దిష్టికో, ఆ ఇంటి హస్తవాసికో అంటగట్టడం పల్లెల్లో అలవాటుగా మారింది. ఏ ఇంట్లోనైనా ఒక ఏడాదిలో పోయిన కోళ్లను గుర్తు తెచ్చుకుని లెక్క వేస్తే, వాటిలో ఎక్కువ భాగం మూడు సందర్భాల్లోనే పోయినట్టు తేలుతుంది: పుట్టిన ఆరు వారాల్లోపు పిల్లలుగా ఉన్నప్పుడు, మునిమాపు దాటినా గూటికి చేరక పిల్లికో ముంగిసకో కుక్కకో చిక్కినప్పుడు, వేసవి మొదట్లో ఊరంతటినీ చుట్టబెట్టే కొక్కెర తెగులు తగిలినప్పుడు. ఈ మూడూ ముందే తెలిసిన ప్రమాదాలే, మూడింటికీ కొద్దిపాటి ఖర్చుతో అడ్డుకట్ట వేయవచ్చు. అయినా ఏటా అవే నష్టాలు తిరిగి రావడానికి కారణం, కోడిని మేత వేసే వేళ తప్ప మిగతా వేళల్లో ఎవరూ పట్టించుకోకపోవడమే. కోడి స్వభావం తెలిసినవారికి దాని నడక, కూత, రెట్ట, తురాయి రంగు అన్నీ సమాచారాన్నే ఇస్తాయి. ఆ సమాచారాన్ని గ్రహించే పద్ధతే ఈ అధ్యాయానికి విషయం.

పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలతో కూడిన మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, పత్తి, మిర్చి, మొక్కజొన్న, సుబాబుల్ తోటలతో కృష్ణా డెల్టాకు భిన్నమైన తన మెట్ట స్వభావాన్ని అలాగే నిలుపుకుంది. ఒకప్పుడు వజ్రాల గనులతో పేరుకెక్కిన పరిటాల ఇప్పుడు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది ఊరు కావడం వల్ల, అక్కడి పెరటి కోడికి గద్దతో పాటు లారీ కూడా శత్రువే. డెల్టా ఇళ్ల చుట్టూ వరి కళ్లాల్లో రాలిన గింజ దొరికినట్టు మెట్ట ఇళ్ల దగ్గర దొరకదు. ఇక్కడి కోడి పెంటకుప్ప మీద, పశువుల పాక చుట్టూ, కంచె మొదళ్లలో పురుగును, మొలకను ఏరుకుని బతుకుతుంది. ఈ పెంపకం దాదాపు అంతా ఇంటి ఆడవాళ్ల చేతుల్లో నడుస్తుంది, గుడ్ల మీద, పుంజుల మీద వచ్చే రాబడి కూడా చాలా ఇళ్లలో వాళ్ల చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఒక్క పెట్ట చనిపోయినా ఆ నష్టం ముందుగా పడేది ఇల్లాలి చిల్లర ఖర్చు మీదే.

నాటు పెట్ట గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు, అది గుడ్లు సరిగా పెట్టదన్నది. ఫారాల్లో పెరిగే సంకర జాతి కోడి ఏడాదికి 300 దాకా గుడ్లు పెడుతుంటే, నాటు పెట్ట పెట్టేది 40 నుంచి 60 మాత్రమే. ఈ తేడాను మేతలో లోపంగానో జాతిలో లోపంగానో భావించేముందు, నాటు పెట్ట ఏడాదిని ఎలా గడుపుతుందో చూడాలి. అది పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెట్టి ఆపుతుంది, ఆపి 21 రోజులు పొదుగుతుంది, పిల్లలు లేచాక రెండు మూడు నెలలు వాటిని వెంట తిప్పుకుని సాకుతుంది, ఆ తరువాతే మళ్లీ గుడ్లకు వస్తుంది. ఇలాంటి చక్రాలు ఏడాదికి మూడో, మహా అయితే నాలుగో పడతాయి గనుక గుడ్ల లెక్క అంతకు మించదు. తెల్ల లెగ్‌హార్న్ వంటి గుడ్ల జాతులలో మనుషులు తరతరాల ఎంపిక ద్వారా పొదిగే గుణాన్ని దాదాపుగా తీసివేశారు, కనుక అవి నిరంతరం గుడ్లు పెడతాయి, కానీ వాటి గుడ్లు పిల్లలు కావాలంటే యంత్రం కావాలి. నాటు పెట్ట కూర్చోవడం మానితే పల్లెలో కోడి సంతతే ఆగిపోతుంది. కాబట్టి గుడ్ల సంఖ్య తక్కువని దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

పెంపకందారు నిర్ణయించుకోవలసింది, ఏ పెట్ట నుంచి గుడ్లు ఆశించాలి, ఏ పెట్ట నుంచి పిల్లలను ఆశించాలి అన్నది. ఒకే పెట్ట నుంచి ఒకే కాలంలో రెండూ రావు. గుడ్లు కావలసినప్పుడు, పొదగడానికి కూర్చున్న పెట్టను గుడ్ల గంప నుంచి లేపి, పరుపేమీ లేని, కింద గాలి ఆడే వెదురు గూటిలో నాలుగైదు రోజులు ఉంచి మేత, నీరు ఇస్తే, పొట్ట కింద వెచ్చదనం తగ్గి పొదిగే కోరిక చల్లారుతుంది. నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటి మొరటు పద్ధతులు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. వాటివల్ల కోడి బెదిరి, జబ్బుపడి, గుడ్లకు రావడం మరింత ఆలస్యమవుతుంది కనుక వాటిని పూర్తిగా మానాలి. పిల్లలు కావలసినప్పుడు, పిల్లలకు నెల దాటి ఒంటి మీద ఈకలు నిండాక తల్లి నుంచి వేరుచేసి వెచ్చగా సాకగలిగితే, తల్లి త్వరగా గుడ్లకు వచ్చి ఏడాదికి ఒక చక్రం అదనంగా కలిసివస్తుంది.

ఎక్కువ గుడ్లు కోరేవారి కోసం, పరిటాల మీదుగా పోయే రహదారి చివర హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటి రకాలను రూపొందించింది. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికివచ్చే బరువైన రకం, పెరట్లో ఏడాదికి 100 పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ తేలికపాటిది, గుడ్లు ఇంకా ఎక్కువ పెడుతుంది. అయితే ఈ రకాలు ప్రత్యేకమైన తల్లి వరసలను, తండ్రి వరసలను కలిపి పుట్టించినవి కాబట్టి, వాటి గుడ్లనే ఇంట్లో నాటు పెట్ట కింద వేసి పిల్లలు తీస్తే ఆ గుణాలు తరువాతి తరానికి అంతే నిండుగా రావు. ఈ సంగతి చెప్పకుండా పిల్లలను అమ్మేవారి వల్లనే చాలా ఇళ్లలో ఈ రకాల మీద నమ్మకం పోయింది. పైగా తల్లి లేని ఈ పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడిని బల్బు కింద అందించి, వారానికి కొద్దిగా తగ్గిస్తూ, ఆరు వారాలు కాపాడాకే పెరట్లోకి వదలాలి. బరువైన వనరాజా కుక్క తరిమినప్పుడు నాటు కోడిలా ఎగిరి గోడ ఎక్కలేదన్నది కూడా ఎంపికలో గుర్తుంచుకోవలసిన విషయం.

ఈ ప్రాంతపు పుంజుల్లో అసిల్ జాతి రక్తం బలంగా కనిపిస్తుంది. కాకి, డేగ, నెమలి, పర్ల, మైల అంటూ ఈక రంగును బట్టి పుంజుకు పేరు పెట్టగల పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పుంజు కంటి మెరుపు, కాలి పొలుసు, రెట్ట గట్టిదనం చూసి దాని ఆరోగ్యం చెప్పగల ఆ నేర్పు గొప్పదే. అంతటి నేర్పు సంక్రాంతి మూడు రోజుల కోసం, కత్తి కట్టి చంపించడం కోసం ఖర్చు కావడం మాత్రం విచారకరం. కోడిపందెం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమూ, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారమూ నేరం. పందెపు పుంజుకు బాదంపప్పు తినిపించే ఇంట్లోనే పెట్టలకు టీకా వేయించని స్థితి ఉండటం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు.

పిల్లలను తీయడానికి గుడ్లను ఎంచడంలో జాగ్రత్త మొదలు కావాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉంటే గుడ్లు చాలావరకు పిల్ల కట్టేవిగా ఉంటాయి. వారం లోపు పెట్టినవి, పగులు లేనివి, మరీ చిన్నవి గాని మరీ పెద్దవి గాని కానివి పొదగవేయాలి. వేసవిలో గుడ్లు ఎక్కువగా మురిగిపోవడానికి తెలిసిన కారణం ఒకటుంది. ఎండ వేడికి గుడ్డులోని లేత పిండం ఎదగడం మొదలుపెట్టి, పొదిగేటప్పుడు అందే నిలకడైన వేడి దానికి అందక మధ్యలో చనిపోతుంది. అందుకే పెట్టిన గుడ్డును పెట్టినట్టే తీసి, తడి ఇసుక మీద ఉంచిన మట్టి మూకుడులో, నీడపట్టున భద్రపరచాలి. ఒక నాటు పెట్ట కింద దాని ఒంటి పరిమాణాన్ని బట్టి పది నుంచి పన్నెండు గుడ్లు సరిపోతాయి. అంతకు మించితే అంచున ఉన్నవి వేడి అందక పాడవుతాయి. గంపలో అడుగున బూడిద చల్లి, పైన ఎండుగడ్డి పరచి, పెట్టను సాయంత్రం కూర్చోబెడితే అది తొందరగా కుదురుకుంటుంది. పెట్ట రోజులో చాలాసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. రోజుకు ఒకసారి మేతకు, నీటికి, రెట్టకు లేచే పెట్టను ఆ కాసేపూ అడ్డగించకూడదు.

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో టార్చి వెలుగు మీద గుడ్డు మొద్దు కొనను ఆనించి చూస్తే, ప్రాణమున్న గుడ్డులో మధ్యన నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా పరచుకున్న ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా వెలుగు ధారాళంగా సాగిపోతే అది పిల్ల కట్టని గుడ్డు. అలాంటివి తీసివేస్తే పెట్ట వేడి మిగిలినవాటికి చక్కగా అందుతుంది. పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లను ముట్టుకోకూడదు. చివరి ఒకటి రెండు రోజుల్లో పెంకు లోపలి నుంచే పిల్లలు కిచకిచమంటాయి, పైనున్న తల్లి గొంతు తగ్గించి బదులు పలుకుతుంది. తల్లీపిల్లల మధ్య గుర్తింపు గుడ్డు పగలకముందే మొదలవుతుందన్నమాట.

లేచిన పిల్లలకు ఇళ్లలో వేసేది నూకలు. నూకల్లో మాంసకృత్తులు సుమారు ఎనిమిది శాతం ఉంటే, ఎదిగే పిల్లకు దాదాపు ఇరవై శాతం కావాలి. తల్లి పేడ గీరి పురుగు చూపించేది ఆ లోటు తీర్చడానికే. మెట్ట పొలాల్లో దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది: పాత కుండలో తడిపిన పేడ, ఎండు చొప్ప ముక్కలు, చిరిగిన గోనె కుక్కి, చెదపుట్ట పక్కన సాయంత్రం బోర్లించి ఉంచితే తెల్లవారేసరికి అందులోకి చెదలు చేరతాయి. ఆ కుండను పిల్లల ముందు దులిపితే కంపెనీ మేతకు దీటైన ఆహారం పైసా ఖర్చు లేకుండా అందుతుంది. నీటి మూకుడులో గులకరాళ్లు వేయకపోతే చిన్నపిల్లలు మునిగి చనిపోతాయి. ఇంత చిన్న కారణంతో పోయే పిల్లలు తక్కువేమీ కాదు. మొదటి రెండు వారాలు తల్లిని గంప కింద ఉంచి పిల్లలను సందుల్లోంచి వచ్చిపోనిస్తే, కాకి, గద్దల బెడద చాలావరకు తగ్గుతుంది.

కోళ్ల గుంపులో కనిపించే పొడుచుకోవడాలు అర్థం లేని తగాదాలు కావు. నార్వేకు చెందిన షెల్డెరుప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలో కోళ్లను గమనించి, ప్రతి గుంపులోనూ ఎవరు ఎవరిని పొడవవచ్చో తెలిపే స్థిరమైన వరస ఉంటుందని చూపించాడు. ఈ వరసను పొడిచే క్రమం అంటారు. వరస ఒకసారి కుదిరాక గుంపు ప్రశాంతంగా ఉంటుంది, కొత్త కోడిని తెచ్చి వదిలితే మళ్లీ మొదటినుంచి కుదరాలి. అందుకే సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే గుంపులో వదలకుండా, రెండు వారాలు విడిగా, గుంపుకు కనిపించేటట్టు ఉంచి, ఆపై రాత్రివేళ గూటిలో చేర్చాలి. ఆ రెండు వారాల్లో దానికేదైనా తెగులు ఉంటే అది కూడా బయటపడుతుంది. వరసలో అట్టడుగున ఉన్న కోడికి మేత దక్కేలా గింజను ఒకేచోట పోయకుండా విశాలంగా చల్లడం మరో సులువైన జాగ్రత్త.

కూతల్లోనూ తేడాలున్నాయి. ఆకాశంలో గద్ద కనబడితే కోడి సన్నగా, సాగదీసి ఒక కూత కూస్తుంది. నేల మీద కుక్కో ముంగిసో కనబడితే తెగి తెగి వినిపించే కూతను గట్టిగా, మళ్లీ మళ్లీ కూస్తుంది. 1993లో క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఏ శత్రువూ లేకుండా ఈ కూతల రికార్డును మాత్రమే వినిపించినా, మొదటి కూతకు పెట్టలు నక్కి పైకి చూస్తాయి, రెండో కూతకు మెడ నిటారుగా ఎత్తి చుట్టూ చూస్తాయి. పెరటి యజమానికి ఈ రెండు కూతల తేడా తెలిస్తే, వంటింట్లో ఉన్నప్పుడు కూడా కర్ర పట్టుకుని పరుగెత్తాలో, పిల్లలను గంప కిందికి తోలాలో తేల్చుకోగలుగుతారు.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ ఈ ప్రాంతపు కోడికి అతిపెద్ద పరీక్ష. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలకు పైన ఉంటుంది, చెమట గ్రంథులు ఉండవు, అందువల్ల ప్రధానంగా నోరు తెరిచి వగర్చడం ద్వారా అది చల్లబడాలి. అతిగా వగర్చినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకు తయారీకి కావలసిన పదార్థం కొరవడి, వేసవి గుడ్ల పెంకు పలుచబడుతుంది. చెట్టు నీడ, మట్టి మూకుళ్లలో రోజుకు మూడు నాలుగు సార్లు మార్చిన చల్లటి నీరు, గింజను మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున, సాయంత్రం వేయడం దీనికి ఉపాయాలు. పెంకులో ఉండే కాల్షియం కార్బొనేటు, జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయిలో ఉన్నదే. గుడ్లు పెట్టే కోళ్లకు ఆల్చిప్పల నూకనో, సున్నపురాయి సన్న నూకనో విడిగా ఒక చిప్పలో పెడితే అవి కావలసినంతే తింటాయి. గోడలకు వేసే పొడిసున్నం మాత్రం నోరు, పేగు కాల్చేస్తుంది కనుక ఎన్నడూ పెట్టకూడదు.

మేత విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన హెచ్చరికలు రెండున్నాయి. కాగితపు మిల్లుల కోసం విరివిగా వేసే సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు బాగానే ఉన్నా, మిమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది, అది ఎక్కువైతే ఎదుగుదల ఆగి గుడ్లు తగ్గుతాయి. ఎండబెట్టిన ఆకుపొడి మేతలో నూటికి ఐదు పాళ్లు దాటకుండా చూసుకోవాలి. రెండోది ఇంకా ప్రమాదకరమైనది. పత్తి, మొక్కజొన్న విత్తనాలకు పురుగుమందు పట్టించి, రంగు పూసి అమ్ముతారు. విత్తాక సంచి అడుగున మిగిలిన గింజలను పెరట్లో దులపడం కోళ్లకు విషం వేయడమే. ఆ గింజలను గుంట తీసి పూడ్చాలి, ఆ సంచిని కోళ్ల గూటికి పరదాగా వాడకూడదు.

రాత్రి గూడు నేలకు అడుగున్నర ఎత్తున, సందుల్లో ముంగిస దూరలేనంత బిగువుగా ఉండాలి. కోళ్లు చీకటిలో దాదాపు ఏమీ చూడలేవు, అందుకే పొద్దు వాలే వేళకే వాటంతట అవి గూటికి చేరతాయి, తలుపు వేయడం మాత్రం మనిషి పని. గోమార్లు, నల్లులు పగలు గూటి చీలికల్లో దాగి రాత్రి రక్తం పీల్చుతాయి. తురాయి పాలిపోయి, గూటికి వెళ్లడానికి వెనుకాడే కోడి ఆ సంగతే తెలుపుతుంది. ఆ చీలికల్లో సున్నం కొట్టించి, పెరట్లో ఒక మూల బూడిద కలిపిన పొడిమన్ను ఉంచితే కోళ్లు అందులో పొర్లి ఒంటి పేలను తామే వదిలించుకుంటాయి.

ఉదయం గంప ఎత్తే ఆ నిమిషమే రోజులో అత్యంత విలువైన పరిశీలన సమయం. ఆరోగ్యంగా ఉన్న కోడి గంప ఎత్తగానే ఒక్క ఉదుటున బయటికి వస్తుంది, వెనుక నిలిచిపోయిన దాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. రాత్రి మేత వేసిన కోడికి మెడ కింది మేతసంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. గట్టిగా ఉండిపోతే జీర్ణం ఆగిందని అర్థం. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే నులిపురుగుల మందు వేయాలి. మామూలు రెట్ట ముదురు రంగులో గట్టిగా, పైన తెల్లటి టోపీతో ఉంటుంది. పిల్లల రెట్టలో రక్తం రక్తపారుడుకు గుర్తు, దీనికి మందు ఉంది. ఆకుపచ్చ కలిసిన నీళ్ల రెట్ట, వాలిన రెక్కలు, నోరు తెరిచి ఎగశ్వాస, తరువాత మెడ మెలితిరగడం వరసగా కనిపిస్తే అది కొక్కెర తెగులు.

భారతదేశంలో ఈ తెగులును 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు, అందుకే దానికి రాణిఖేత్ వ్యాధి అన్న పేరూ వచ్చింది. వచ్చాక దీనికి మందు లేదు, రాకుండా టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్కగా లసోటా లేదా ఎఫ్ రకం టీకా, నాలుగో వారంలో మరోసారి లసోటా, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూదిమందు వేయించాలి. పెద్ద కోళ్లకు ఎన్నాళ్లకోసారి తిరిగి వేయించాలో పశువైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. చిక్కంతా బుడ్డి దగ్గర వస్తుంది. నూరు, రెండు వందల కోళ్లకు సరిపడేటట్టు వచ్చే టీకా బుడ్డిని మంచులో ఉంచి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లోపు వాడేయాలి. ఆరు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే బుడ్డి తెరిపించడం సాధ్యం కాక ఊరుకుంటుంది, పక్కింటావిడా అదే కారణంతో ఊరుకుంటుంది, తెగులు మాత్రం రెండు ఇళ్లకూ వస్తుంది. వీధిలో పది ఇళ్లవారు ఒక తెల్లవారుజామున గంపలు ఎత్తకుండా ఉంచి, పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలిపిస్తే గంటలో పని పూర్తవుతుంది. తెగులు సోకిన కోళ్లను హడావిడిగా సంతకు తోలి అమ్మడం పొరుగూరికి చావును మోసుకెళ్లడమే. చచ్చినవాటిని కాలువలో పారేయకుండా లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన నేపథ్యంలో, ఒకేసారి అనేక కోళ్లు చనిపోతే చేతులతో తాకకుండా వెంటనే పశువైద్యశాలకు తెలియజేయడం మనుషుల ఆరోగ్యం దృష్ట్యా కూడా తప్పనిసరి.

ఈ అధ్యాయం చదివినవారు సంక్రాంతి వెళ్లగానే, ఎండలు ముదరకముందే, వీధిలోని కోళ్లన్నిటి లెక్క తీసి, టీకా రోజు ఒకటి నిర్ణయించి, ఆ తేదీని పక్కింటివారికి చెప్పాలి.